మెదడులో రక్తస్రావం: మనిషి కోలుకుంటాడా అన్నది ఎలా అంచనా వేస్తారు?

[తెరపై: తల సీటీ స్కాన్]

బూడిద రంగు మెదడులో తెల్లగా కనిపిస్తున్న ఈ మచ్చ రక్తం. నాళం చిట్లి లోపల గడ్డకట్టింది. బయట కూర్చున్న ఇంటివాళ్లు అడిగేది ఒక్కటే: "బతుకుతాడా డాక్టరుగారూ?"

ఆ జవాబు కోసం డాక్టర్లు ఎక్కువగా చూసేది ఐసీహెచ్ స్కోరు. ఐసీహెచ్ అంటే మెదడు లోపల రక్తస్రావం. 2001లో హెంఫిల్ బృందం దీన్ని ప్రచురించింది. రోగికి స్పృహ ఎంత ఉంది, గడ్డ ఎంత పెద్దది, రక్తం మెదడు జఠరికల్లోకి (లోపల ద్రవం ఉండే గదుల్లోకి) దిగిందా, చిట్లింది చిన్నమెదడు, మెదడు కాండం ఉండే కింది భాగంలోనా, వయసు 80 నిండిందా. వీటన్నిటికీ కలిపి 0 నుంచి 6 వరకు పాయింట్లు.

[తెరపై: గడ్డ మీద కొలత గీతలు]

గడ్డను ఇలా కొలుస్తారు. పొడవు 5 సెంటీమీటర్లు, అడ్డం 4, ఎత్తు 3 అనుకుందాం. మూడూ గుణించి సగం చేస్తే 30 మిల్లీలీటర్లు. 30 అయితే ఒక పాయింటు, 29 అయితే సున్నా. రోగికి 62 ఏళ్లు, కాబట్టి వయసుకి పాయింటు లేదు. స్పృహను కొలిచే గ్లాస్గో కోమా స్కేల్ 10 అయితే ఇంకో పాయింటు. మిగతావి సున్నా అనుకుంటే మొత్తం 2. ఆ అధ్యయనంలో 2 వచ్చినవాళ్లలో 26 శాతం మంది నెలలోపు చనిపోయారు, 1 వచ్చినవాళ్లలో 13 శాతం. ఒక్క మిల్లీలీటరు తేడాకి అంచనా రెట్టింపైంది! మనిషి పరిస్థితి మాత్రం అంత మారలేదు.

ఇంతకంటే నన్ను కలవరపెట్టేది ఇంకొకటుంది. "ఇక లాభం లేదు" అనుకుని తొందరగా వైద్యం తగ్గిస్తే రోగి చనిపోతాడు. ఆ మరణం కూడా లెక్కలో చేరి, అంచనా నిజమే అన్నట్టు కనిపిస్తుంది. అందుకే, రోగి ముందే తన ఇష్టం చెప్పి ఉండకపోతే, గుండె ఆగితే సీపీఆర్ వద్దనే నిర్ణయాన్ని ఆసుపత్రిలో కనీసం రెండో పూర్తి రోజు దాకా వాయిదా వేయాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. తొలి గంటల్లో గడ్డ పెరగవచ్చు కూడా, కాబట్టి మొదటి స్కాన్‌తోనే అంతా తేలిపోదు.

బతకడం వేరు, తన పనులు తాను చేసుకోగలగడం వేరు. దానికి 2008లో వచ్చిన ఫంక్ స్కోరు ఉంది. అది 90 రోజుల నాటి పరిస్థితిని చూస్తుంది. ఆ తర్వాత కూడా నెలల తరబడి మెరుగుపడేవాళ్లున్నారు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే శాతం ఒక్కటే అడగకండి. గడ్డ పెరుగుతోందా, మళ్లీ స్కాన్ ఎప్పుడు, ఈ అంచనాను తిరిగి ఎప్పుడు చూస్తారు అని కూడా అడగండి.