కాదన్న జోనింగ్ మీద రెండో దావా

సభకు నమస్కారం.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారిలో భూమి కొనేవారు, ఇళ్లు కట్టి అమ్మేవారు, గుడి కోసమో సాంస్కృతిక కేంద్రం కోసమో స్థలం వెతికే కమిటీల్లో పనిచేసేవారు చాలామంది ఉన్నారు. మీలో చాలామందికి ఏదో ఒక రోజు సిటీ కౌన్సిల్ ముందు నిలబడి ఈ స్థలం జోనింగ్, అంటే ఏ స్థలంలో ఏం కట్టవచ్చో చెప్పే స్థానిక నిబంధన, మార్చమని అడగవలసి వస్తుంది. కొన్నిసార్లు కాదంటారు. అప్పుడు కోర్టుకు వెళ్లవచ్చు. అక్కడా ఓడిపోతే అదే తిరస్కరణ మీద మరో దావా వేయవచ్చా? వేయడానికి వీల్లేదు అంటుంది చట్టం. అది న్యాయమైన మాటే అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. కానీ ఆ నియమం లోతు తెలియక, మొదటి దావాను తేలికగా తీసుకుని హక్కులు పోగొట్టుకున్నవారు ఉన్నారు. ఈరోజు నా ఆరాటమంతా వారి గురించే.

ఒహాయోలోని యూక్లిడ్ అనే చిన్న ఊరికీ, అక్కడ 68 ఎకరాల భూమి ఉన్న ఆంబ్లర్ రియల్టీ కంపెనీకీ నడిచిన కేసులో 1926లో అమెరికా సుప్రీంకోర్టు జోనింగ్‌ను రాజ్యాంగబద్ధమని ప్రకటించింది. అప్పటినుంచి ఏ స్థలంలో ఏం కట్టాలో నిర్ణయించే అధికారం స్థానిక ప్రభుత్వాలకు గట్టిగా నిలిచింది. దాన్ని మార్చమని అడగడం మన హక్కు. మార్చి తీరాలని పట్టుబట్టే హక్కు మాత్రం సాధారణంగా లేదు. కారణం లేకుండానో, వివక్షతోనో, పద్ధతి తప్పో కాదన్నారని చూపించగలిగితేనే కోర్టు జోక్యం చేసుకుంటుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ అనుకుందాం. పది ఎకరాల వ్యవసాయ జోన్ భూమిని నివాస జోన్‌గా మార్చమని యజమాని అడిగాడు. కౌన్సిల్ కాదంది. నిర్ణయానికి తగిన ఆధారం లేదంటూ ఆయన రాష్ట్ర కోర్టులో దావా వేసి ఓడిపోయాడు. మరుసటి ఏడాది అదే తిరస్కరణ మీద, ఈసారి సమాన రక్షణ హక్కు, అంటే చట్టం అందరినీ సమానంగా చూడాలన్న రాజ్యాంగ హక్కు, ఉల్లంఘించారంటూ ఫెడరల్ కోర్టుకు వెళ్లాడు. వాదన కొత్తది, కోర్టు కొత్తది, న్యాయవాది కూడా కొత్త. అయినా కేసు మొదటి మెట్టు మీదే ఆగిపోతుంది. మొదటి తీర్పు తుది తీర్పు, కక్షిదారులు వాళ్లే, రెండు దావాలూ పుట్టింది ఒకే తిరస్కరణ నుంచి. ఫెడరల్ కోర్టులూ, చాలా రాష్ట్రాల కోర్టులూ చూసేది వాదనకు పెట్టిన పేరును కాదు, దాని వెనక ఉన్న సంఘటనను. అప్పుడు చెప్పిన వాదనే కాదు, చెప్పగలిగి ఉండీ చెప్పకుండా వదిలేసిన వాదన కూడా ముగిసినట్టే. న్యూజెర్సీ కోర్టులైతే వివాదం మొత్తం ఒకే దావాలో రావాలని ఇంకా గట్టిగా పట్టుబడతాయి. భారతదేశంలో న్యాయశాస్త్రం చదివినవారికి ఇది కొత్త కాదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 11వ సెక్షన్‌లో ఉన్న రెస్ జుడికాటా, అంటే ఒకసారి తేలిన వివాదాన్ని మళ్లీ వినకూడదన్న సూత్రమే ఇది.

రాష్ట్ర కోర్టులో ఓడిపోతే ఫెడరల్ కోర్టు ఉందిగదా అనే ధీమా మనవాళ్లలో చాలా ఎక్కువ. ఆ ధీమాకు ఆధారం లేదు. రాష్ట్ర కోర్టు తీర్పుకు సొంత రాష్ట్రంలో ఎంత విలువ ఉంటుందో ఫెడరల్ కోర్టులు కూడా అంతే విలువ ఇవ్వాలన్న చట్టం 1790 నుంచి ఉంది. పౌరహక్కుల కేసులకూ అది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1980లో, మళ్లీ 1984లో స్పష్టం చేసింది.

ఈ నియమం ఎవరిని కాపాడుతుందో కూడా చూడండి. ప్రతి కొత్త దావాకూ ఆ ఊరు న్యాయవాదిని పెట్టుకోవాలి, ఆ ఖర్చు పన్ను కట్టేవారి మీద పడుతుంది. పక్క స్థలంలో ఏం రాబోతుందో తెలియక ఇరుగుపొరుగువారు ఇల్లు అమ్మాలా ఉండాలా తేల్చుకోలేరు. డబ్బున్నవాడు ఎన్నిసార్లైనా కోర్టుకు లాగగలిగితే చిన్న ఊళ్లు న్యాయం వల్ల కాదు, అలసట వల్ల తలవంచుతాయి. అది నేను ఒప్పుకోలేను.

అయితే ఈ నియమం అన్యాయంగా పనిచేసిన కాలం కూడా ఉంది. ప్రభుత్వం తన భూమి విలువను హరించిందని ఆరోపించే యజమాని ముందు రాష్ట్ర స్థాయిలో పరిహారం అడిగి, అక్కడ కాదన్నాకే ఫెడరల్ కోర్టుకు రావాలని 1985లో విలియమ్సన్ కౌంటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 62 గదుల శాన్ రెమో హోటల్ యజమానులు దాదాపు ఆ దారిలోనే నడవవలసి వచ్చింది. నివాస గదులను పర్యాటకుల గదులుగా మార్చుకోవాలంటే 5,67,000 డాలర్లు కట్టమని నగరం షరతు పెట్టింది. వారు నిరసన తెలుపుతూనే కట్టి, రాష్ట్ర కోర్టుల్లో పోరాడి ఓడిపోయారు. ఆ తర్వాత ఫెడరల్ కోర్టుకు వస్తే, ఈ అంశం ఇప్పటికే తేలిపోయింది, మళ్లీ వినడానికి వీల్లేదని 2005లో సుప్రీంకోర్టు తేల్చింది. ముందు అక్కడికి వెళ్లు అన్నదీ వీరే, వెళ్లివచ్చావు కాబట్టి ఇక్కడ చోటులేదు అన్నదీ వీరే. ఫలితంతో ఏకీభవిస్తూనే నలుగురు న్యాయమూర్తులు 1985 నాటి నియమమే పొరపాటేమో అని రాశారు. పద్నాలుగేళ్ల తర్వాత, 2019లో, పెన్సిల్వేనియాలోని స్కాట్ టౌన్‌షిప్ మీద వేసిన నిక్ కేసులో 5–4 మెజారిటీతో ఆ నియమాన్ని కొట్టివేశారు. ఇప్పుడు అలాంటి క్లెయిమ్‌తో నేరుగా ఫెడరల్ కోర్టుకు వెళ్లవచ్చు. ఆ స్వేచ్ఛతో పాటు బాధ్యత కూడా పెరిగింది: ఏ కోర్టులో మొదలుపెడతామో ముందే ఆలోచించుకోవాలి.

మొదటి దావాను ఎలా వేయాలో నేర్చుకోవాలంటే ఆర్లింగ్టన్ హైట్స్ కేసు చూడండి. షికాగో శివారులో ఒక మత సంస్థ స్థలంలోని 15 ఎకరాల్లో తక్కువ, మధ్యస్థ ఆదాయాల వారికి 190 ఇళ్లు కట్టడానికి జోనింగ్ మార్చమని అడిగారు. 1971లో గ్రామ బోర్డు 6–1 ఓట్లతో కాదంది. జాతి వివక్ష అంటూ వాదులు వేసిన దావాలో రాజ్యాంగంలోని సమాన రక్షణ హక్కుతో పాటు 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టాన్ని కూడా చేర్చారు. 1977లో సుప్రీంకోర్టు, వివక్ష చూపాలన్న ఉద్దేశం రుజువు కాలేదని రాజ్యాంగ వాదనను తోసిపుచ్చింది. కేసు మాత్రం చావలేదు. రెండో వాదన అదే దావాలో ఉంది కాబట్టి దాన్ని పరిశీలించమని కింది కోర్టుకు తిప్పి పంపారు. చివరికి రాజీ కుదిరి, ఇళ్లకు మరో స్థలం దొరికింది. ఆ రెండో వాదనను తర్వాత చూద్దాంలే అని వదిలేసి ఉంటే అదంతా అక్కడితో ఆగిపోయేది.

పేరు మార్చి దావా వేస్తే సరిపోతుందా అని కూడా అడుగుతుంటారు. మొన్న కంపెనీ పేరు మీద వేశాం, ఇప్పుడు భాగస్వామి పేరు మీద వేద్దాం అంటారు. భూమి కొన్న కొత్త యజమాని, తెరవెనుక ఉండి మొదటి దావాను నడిపించిన వ్యక్తి, ఓడిన కక్షిదారు తన తరఫున ముందుకు తోసిన వ్యక్తి, వీళ్లందరినీ పాత తీర్పు కట్టిపడేయగలదు. అదే సమయంలో, నిజంగా సంబంధం లేని పొరుగువారిని వేరెవరో ఓడిపోయిన కేసుతో కట్టేయలేరు. 2008లో టేలర్ కేసులో సుప్రీంకోర్టు ఆ గీతను జాగ్రత్తగా గీసింది. అలాగే ఆ కోర్టుకు విచారించే పరిధి లేదనో, దావా వేయడానికి ఇంకా సమయం రాలేదనో కొట్టేసిన దావా అసలు విషయం మీద తీర్పు కాదు. దాన్ని సరైన చోట మళ్లీ వేయవచ్చు.

అలాగైతే ఒకసారి కాదంటే ఆ భూమి గతి అంతేనా అని దిగులు పడకండి. మూసుకుపోయేది ఆ తిరస్కరణ మీద దావా మాత్రమే, మీ ఆలోచన కాదు. మార్చిన ప్రణాళికతో కొత్త దరఖాస్తు పెడితే, దాన్ని కాదంటే, అది కొత్త నిర్ణయం. పరిస్థితులు నిజంగా మారినా అంతే: కొత్త రోడ్డు వచ్చింది, పక్క స్థలాలకు జోన్ మార్చారు, ఊరి సమగ్ర ప్రణాళికనే సవరించారు. చాలా ఊళ్ల నిబంధనలు అదే దరఖాస్తును ఏడాదిలోపు మళ్లీ పెట్టనివ్వవు, అది ముందే చూసుకోండి. కాలిఫోర్నియాలోని మాంటెరేలో 37.6 ఎకరాల డెల్ మాంటే డ్యూన్స్ యజమానులు మొదట 344 ఇళ్లు అడిగారు. కాదంటే 264కు, ఆపై 224కు, చివరికి 190కి తగ్గించారు. అయిదేళ్లలో అయిదు అధికారిక నిర్ణయాలు, 19 ప్రణాళికలు నడిచాయి. ఆ తర్వాతే దావా. జ్యూరీ వారికి 14.5 లక్షల డాలర్ల పరిహారం ఇచ్చింది, 1999లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. అలా అడుగు తగ్గుతూ పెట్టిన ప్రతి దరఖాస్తూ నగరం తీరును బయటపెట్టే సాక్ష్యమైంది. ఓడిపోయిన కేసునే మళ్లీ కోర్టుకు తెచ్చేవారికి అలాంటి సాక్ష్యం ఎప్పటికీ పోగవదు.

రెండో దావా నిలవదని తెలిసి కూడా ఫీజు తీసుకుని వేసే న్యాయవాదుల మీద నాకు కోపం ఉంది. ఆధారం లేని దావాకు కోర్టు జరిమానా వేయవచ్చు, ఆ దెబ్బ కక్షిదారు మీద కూడా పడవచ్చు. అలాంటి సలహా వింటే, పాత తీర్పు ఈ దావాకు ఎందుకు అడ్డు కాదో రాతపూర్వకంగా చెప్పమని అడగండి.

చివరగా గడువుల సంగతి. పెన్సిల్వేనియాలో జోనింగ్ అప్పీళ్లకు సాధారణంగా 30 రోజులు, న్యూజెర్సీలో 45 రోజులు. కాలిఫోర్నియాలో 90 రోజుల లోపల దావా వేయడమే కాదు, నోటీసు కూడా అందజేయాలి. ఇన్ని వాదనలనూ అంత తక్కువ సమయంలో ఒకే దావాలో సమకూర్చాలంటే తిరస్కరణ వచ్చాక మొదలుపెట్టి లాభం లేదు. చాలా కేసుల్లో కోర్టు చూసేది మీ దరఖాస్తు మీద ఊరు జరిపే పబ్లిక్ హియరింగ్‌లో, అంటే బహిరంగ విచారణలో, నమోదైన రికార్డునే. ట్రాఫిక్ నివేదిక, మురుగునీటి లెక్కలు, పక్క స్థలాలకు ఇచ్చిన అనుమతుల కాపీలు, మీ అభ్యంతరాలు, అన్నీ ఆ రాత్రే రికార్డులోకి ఎక్కించండి. న్యాయవాదిని హియరింగ్‌కు ముందే కలవండి.