కొండకు సాయం చేస్తామని వెళ్లి సాంబారులో ఉప్పు పోయకండి

నమస్తే. నా చేతిలో ఏముందో చూడండి. లోపల గింజలు పెట్టిన మట్టి ఉండ. మీ భాషలో సీడ్ బాల్. జూన్ వచ్చిందంటే తిరుపతిలో నా ఫోన్ నిండా ఇదే గోల. "ఆదివారం పొద్దున్నే కొండకు రండి, వేలకు వేలు ఉండలు విసురుదాం, టీషర్ట్ ఫ్రీ." మంచి మనసుతోనే పిలుస్తారు, కాదనను. కానీ ఆ కొండకు ఏం కావాలో మాత్రం ఎవరూ అడగరు.

నేనూ విసిరినవాడినే. నాలుగేళ్ల కిందట చంద్రగిరి దాటాక ఒక గుట్ట మీద, ఒక గుంపుతో కలిసి. మరుసటేడు వెళ్లి చూస్తే వేపా లేదు, చింతా లేదు. వాననీళ్లు పారే చోట సుబాబుల్ మాత్రం, బయటి దేశం నుంచి వచ్చి మిగతా మొక్కల్ని తొక్కేసే చెట్టు, నడుమెత్తు లేచి నవ్వుతోంది. ఆ గింజలు ఉండల్లో పెట్టింది మేమే. దాన్ని పీకడానికి ఇప్పటికి మూడుసార్లు వెళ్లొచ్చాను.

పెళ్లింటికి సాయానికని ఒక చుట్టం వస్తాడు. నేరుగా వంటశాలలోకి దూరతాడు. వంటమేస్త్రీని అడగడు, రుచి చూడడు, సాంబారులో గుప్పెడు ఉప్పు పోస్తాడు. అప్పటికే మేస్త్రీ ఉప్పు వేసి ఉంటాడు. ఇంకో చుట్టం వచ్చి ఇంకో గుప్పెడు. మనిషి మంచోడే, సాంబారే పోయింది. కొండ మీద మనం చేస్తున్నదీ ఇదే.

బోడికొండ, బీడు, ఖాళీ గుట్ట. ఈ మాటలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఖాళీ అని ఎవరు చెప్పారు? ఎర్రచందనం సహజంగా పెరిగేది ఎక్కడ? ప్రపంచం మొత్తంలో మన శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లోనే. అదీ ఎండ బాగా తగిలే రాతినేలలో, పనికిరానిదిగా కనిపించే చోట. నల్లరేగడి తెచ్చి పోసి, పక్కన నీడనిచ్చే చెట్లు దట్టంగా పెంచితే దానికి మేలు చేసినట్టు కాదు. పసుపు గొంతు పికిలిపిట్ట అని ఒకటుంది, దక్షిణాదిలో బండరాళ్లు, పొదలు ఉన్న కొండల్లోనే బతుకుతుంది. హార్స్‌లీ హిల్స్‌లో కూర్చుని ఓపికగా చూస్తే కనిపిస్తుంది. ఆ బండనే మనం "ఏమీ లేదు" అంటున్నాం. సాంబారులో ఉప్పు ఉందో లేదో చూడకుండానే లేదంటున్నాం.

ఇది మన ఒక్కరి తెలివే అనుకోకండి. స్కాట్లాండ్ ఉత్తరాన ఫ్లో కంట్రీ అనే చోటుంది. చెట్లు లేని చిత్తడి నేల. కింద నాచు వేల ఏళ్లుగా సగం కుళ్లి, పొరలు పొరలుగా పేరుకుంది. దాన్ని పీట్ అంటారు. బోలెడు కార్బన్ దాంట్లో దాగి ఉంటుంది. 1980ల్లో పన్ను మినహాయింపు వస్తుందని డబ్బున్నోళ్లు అక్కడ కాలవలు తవ్వి, నీళ్లు దించి, వేరే దేశపు శంకు ఆకారపు చెట్లు నాటించారు. నేల ఎండింది, ఆ నేలనే నమ్ముకున్న పక్షులకు చోటు పోయింది. 1988లో ఆ మినహాయింపు ఎత్తేశారు. తర్వాత ఏం చేశారో తెలుసా? నాటిన చెట్లను నరికి, తవ్విన కాలవలను పూడ్చుకుంటూ వచ్చారు. అదే చోటును 2024లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చెట్లు నాటినందుకు కాదండోయ్, ఆ చిత్తడి నేల కోసం! ఇంగ్లండ్ కొండల్లో వాలంటీర్లు ఇప్పుడు చేసే పనుల్లో ఒకటి, ఎండిన పీట్ మీద గుప్పెడు గుప్పెడు నాచు నాటడం. ఫోటోకు ఏమాత్రం పనికిరాదు పాపం.

మరి పెళ్లింట్లో నిజంగా పనికొచ్చే చుట్టం ఎవరు? ఎంగిలాకులు ఎత్తేవాడు. వీడియోలో ఎక్కడా కనపడడు, వాడు లేకపోతే రెండో పంక్తి కూర్చోదు. మన ఊళ్లో ఈ సంగతి ఒకరు చెప్పాలా? శ్రీవారి సేవకు వెళ్లినవాళ్లు కూరగాయలు తరగమంటే తరుగుతారు, క్యూలో నీళ్లు ఇమ్మంటే ఇస్తారు. "నాకు గర్భగుడి డ్యూటీ వేయండి" అనరు కదా! కొండ దగ్గరికి వచ్చేసరికి మనమే వంటమేస్త్రీలం.

కొండ మీద ఎంగిలాకు అంటే లంటానా. మీరందరూ చూసే ఉంటారు. గులాబీ, పసుపు కలిసిన బుజ్జి పూలగుత్తి, గరుకు ఆకు, నలిపితే ఘాటు వాసన. 1800ల మొదట్లో పూలమొక్కగా మన దేశానికి తెచ్చారు, ఇప్పుడు అడవిని కప్పేస్తోంది. దీన్ని కొడవలితో కోస్తే కోతకు సంతోషించి రెండింతలు చిగురిస్తుంది. పలుగుతో మొదలు చుట్టూ తవ్వి, వేరు నేలలోకి దిగే చోట, నేలమట్టానికి కాస్త కింద తెగ్గొట్టాలి. పైకి లాగిన మొక్కను తలకిందులుగా పెట్టాలి, వేర్లు ఆకాశం వైపు. మళ్లీ నేలను తాకితే బతికేస్తుంది, అంత మొండిది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం రూపొందించిన పద్ధతి ఇది. పండ్లు నల్లబడకముందే చేయాలి, లేకపోతే పిట్టలు తిని గింజల్ని ఊరంతా పంచుతాయి. ఒక మొక్కకు నాకు ఇరవై నిమిషాలు పట్టింది, అరచేతిలో బొబ్బ లేచింది. వచ్చే వానకు అక్కడికే మళ్లీ వెళ్లి పిలకలు ఏరాలి. టీషర్ట్ ఇచ్చినా రెండోసారికి ఎవరూ రారు, అదే నా బాధ.

అయ్యో, టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. ఒకటి, రిజర్వ్ ఫారెస్టులోకి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లకండి, సేవ అని చెప్పినా కేసు కేసే. శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్క్ అయితే మరీ. రెండు, ఫిబ్రవరి నుంచి మే దాకా గడ్డి ఎండి ఉంటుంది, బీడీ ముక్క చాలు. 2014 మార్చిలో తిరుమల అడవి అంటుకుంటే ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఆ నెలల్లో నిప్పురేఖలు, అంటే మంట దాటకుండా గడ్డి తీసేసి ఉంచే దారులు, శుభ్రం చేయడానికి మనుషులు కావాలేమో మీ అటవీ రేంజ్ ఆఫీసులో కనుక్కోండి. మూడు, నడకదారిలో ప్లాస్టిక్ ఏరండి, తిండి పారేయకండి. కోతులు, కుక్కలు, వాటి వెనక చిరుత, అర్థమైంది కదా. నాలుగు, పిట్టల లెక్క... దాని మీద ఇంకో వీడియో చేస్తా.

ఈ ఉండను ఏం చేయాలంటారా? దీంట్లో కానుగ గింజ ఉంది. మా వీధి చివర ఎండిన గుంత ఒకటుంది. అక్కడ పెట్టి, రోజూ చెంబెడు నీళ్లు పోస్తా.