కానిస్టేబుల్ పాడాడు, కొండ కదిలింది: ప్రశాంత్ తమాంగ్ కథ

(తెర మీద: 2007 సెప్టెంబర్ 23. ఇండియన్ ఐడల్ మూడో సీజన్ ఫైనల్.)

టీవీలో పాటల పోటీ. ఒక పోలీస్ కానిస్టేబుల్ గెలిచాడు. సరిగ్గా రెండు వారాలకు, అక్టోబర్ 7న, పశ్చిమ బెంగాల్ కొండల్లో ఉన్న అతని సొంత ఊరు డార్జిలింగ్‌లో ఒక కొత్త రాజకీయ పార్టీ పుట్టింది. ఇంకో ఐదు నెలలు గడిచేసరికి, దాదాపు ఇరవై ఏళ్లుగా ఆ కొండల్లో తిరుగులేని నాయకుడు పదవికి రాజీనామా చేసి మైదానంలోకి దిగిపోవాల్సి వచ్చింది. ఈ మధ్యలోనే ఒక పట్నంలో కర్ఫ్యూ పెట్టారు, వీధుల్లోకి సైన్యం వచ్చింది.

పాటల పోటీలో గెలిచి పేరు తెచ్చుకున్నవాళ్లు మనకు చాలామంది తెలుసు. కానీ తన గెలుపుతో ఒక ప్రాంతం రాజకీయాలే మారిపోయిన గాయకుడు నాకు తెలిసి ప్రశాంత్ తమాంగ్ ఒక్కడే. ఆ కుర్రాడికి పడిన ఓట్లు పాటకు పడ్డాయా, ఇంకా దేనికైనా పడ్డాయా? ఈ వీడియోలో అదే చూద్దాం.

(తెర మీద: డార్జిలింగ్ మ్యాప్. పైన సిక్కిం, పడమర నేపాల్, కింద సిలిగురి.)

ముందు అక్కడి మనుషుల గురించి. పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్‌వాళ్లు డార్జిలింగ్ కొండల్లో తేయాకు తోటలు వేశారు. పనికి తూర్పు నేపాల్ నుంచి వేల కుటుంబాలు వచ్చాయి. ఆ తరాల పిల్లలు ఇక్కడే పుట్టారు, ఇక్కడే పెరిగారు, భారత సైన్యంలో గోర్ఖా రెజిమెంట్లలో చేరి యుద్ధాలు చేశారు. గోర్ఖాలని పిలిచే వీళ్ల భాష నేపాలీ, దేశం భారతదేశం. 1992లో నేపాలీని రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితాలో, అంటే ఎనిమిదో షెడ్యూల్‌లో, చేర్చారు కూడా. అయినా రైల్లో పక్కన కూర్చున్నవాళ్లు "మీది నేపాలా?" అని అడగడం మాత్రం ఆగలేదు.

మనమూ ఇందులో భాగమే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పాత కాలనీల్లో పెరిగినవాళ్లకు రాత్రిపూట విజిల్ ఊదుకుంటూ, కర్ర నేలకు కొట్టుకుంటూ తిరిగే గూర్ఖా గుర్తుండే ఉంటాడు. నెల మొదట్లో ఇంటింటికీ వచ్చి డబ్బులు తీసుకునేవాడు. అతని పేరేంటని ఎంతమందిమి అడిగాం? మన సినిమాల్లో గూర్ఖా అంటే వచ్చీరాని తెలుగులో "సాబ్" అంటూ నవ్వించే పాత్ర. హిందీ సినిమాల్లోనూ అంతే. దేశానికి ఆ ముఖం కనిపించిందల్లా గేటు దగ్గర, లేదంటే నవ్వులాటలో. ఈ సంగతి పట్టుకోకపోతే మిగతా కథ అర్థం కాదు.

ప్రశాంత్ తమాంగ్ 1983లో డార్జిలింగ్‌లో పుట్టాడు. తండ్రి పోలీసు ఉద్యోగి. చిన్న వయసులోనే తండ్రి పోయాడు. చదువు ఆగింది, ఇంటి బరువు మీద పడింది. తండ్రి ఉద్యోగం కొడుక్కి వచ్చింది. అలా కోల్‌కతా పోలీస్‌లో కానిస్టేబుల్ అయ్యాడు. సంగీతం ఒక గురువు దగ్గర పద్ధతిగా నేర్చుకున్న పిల్లాడు కాదు. పోలీసుల ఆర్కెస్ట్రాలో పాడేవాడు. అక్కడివాళ్లు ప్రోత్సహిస్తే ఆడిషన్‌కు వెళ్లాడు.

ఆ సీజన్‌కు న్యాయనిర్ణేతలు నలుగురు: అను మాలిక్, జావేద్ అఖ్తర్, అలీషా చినాయ్, ఉదిత్ నారాయణ్. ఉదిత్ నారాయణ్ మనకు కొత్తవారు కాదు, తెలుగులో ఎన్నో పాటలు పాడారు. ఆయన పాట మొదలైంది కూడా కాఠ్‌మాండూలోనే, నేపాలీ పాటలూ పాడారు. ఆయన ముందు నిలబడి ఒక డార్జిలింగ్ కుర్రాడు పాడటం కొండల్లో చూసేవాళ్లకు ఎలా అనిపించి ఉంటుందో ఊహించండి.

(తెర మీద: పాత కీప్యాడ్ ఫోన్. ఎస్సెమ్మెస్ టైప్ అవుతూ ఉంటుంది.)

ఇప్పుడు ఓట్ల లెక్క ఎలా నడిచేదో చెప్తాను. ఇండియన్ ఐడల్ మన దేశంలో పుట్టిన ఆలోచన కాదు. 2001లో బ్రిటన్‌లో మొదలైన పాప్ ఐడల్ దీనికి మూలం. 2004లో సోనీ టీవీ దాన్ని ఇక్కడికి తెచ్చింది. మొదట్లో వడపోత న్యాయనిర్ణేతల చేతిలో ఉంటుంది. చివరి మెట్లకు చేరాక నిర్ణయం జనానిది. అప్పట్లో ఫోన్ చేయాలి, లేదా ఎస్సెమ్మెస్ పంపాలి. ఎన్నికల్లో మనిషికి ఒక్కటే ఓటు. ఇక్కడ ఒకే ఫోన్ నుంచి ఎన్నైనా వేయగలిగేవారు. మెసేజ్‌కు మామూలు కన్నా ఎక్కువ చార్జీ పడేది. ఆ డబ్బు ఫోన్ కంపెనీలూ చానెలూ పంచుకునేవి. అంటే ఎక్కువమంది అభిమానించినవాడే గెలవాలని లేదు. ఎవరి అభిమానులు ఎక్కువ పట్టుదలగా, ఎక్కువ ఖర్చు పెట్టి, రాత్రంతా కూర్చుని మెసేజ్‌లు పంపగలరో వాడు గెలుస్తాడు.

మన దగ్గర 1996లో ఈటీవీలో మొదలైన 'పాడుతా తీయగా' గుర్తుచేసుకోండి. బాలు గారు పక్కనే ఉండి విని, శ్రుతి ఎక్కడ జారిందో, ఏ అక్షరం సరిగా పలకలేదో పిల్లలకు ప్రేమగా చెప్పేవారు. మార్కులు వేసేది సంగీతం తెలిసినవాళ్లు. ఓడిన పిల్లలు కూడా ఏదో ఒకటి నేర్చుకునే ఇంటికి వెళ్లేవారు. నా మనసు ఇప్పటికీ ఆ పద్ధతి వైపే ఉంటుంది. కానీ ప్రశాంత్ కథ ఆ పద్ధతిలో జరిగే అవకాశమే లేదు. గొంతుల బలం ఒక్కటే చూసి తీర్పు చెబితే అతను అంత దూరం వచ్చేవాడు కాదేమో.

వారాలు గడిచేకొద్దీ కొండల్లో ఊపు పెరిగింది. డార్జిలింగ్, కర్సియాంగ్, కాలింపాంగ్, పక్కన సిక్కిం, ఈశాన్య రాష్ట్రాల్లో నేపాలీ మాట్లాడేవాళ్లున్న ప్రతిచోటా ప్రశాంత్ అభిమాన సంఘాలు లేచాయి. చందాలు పోగుచేశారు. ఓట్లు వేయడానికే ప్రత్యేకంగా ఫోన్ బూత్‌లు పెట్టారు. తేయాకు తోటల్లో కూలి మీద బతికేవాళ్లు కూడా తమ వంతు ఇచ్చారు. ఆ డబ్బు ఎంత కష్టంతో వచ్చిందో తలచుకుంటే ఇది వట్టి అభిమానం అనిపించదు. జాతీయ టీవీలో, ప్రైమ్ టైమ్‌లో, మంచి బట్టల్లో, చేతిలో మైకుతో, తమలాంటి ముఖం ఒకటి కనబడుతోంది. దేశం దాన్ని చూస్తోంది. ఒక్క వారం ఓట్లు తగ్గితే ఆ ముఖం తెర మీద నుంచి వెళ్లిపోతుంది.

ఈ ప్రచారాన్ని ముందుండి నడిపినవాళ్లలో ఒకరి పేరు బిమల్ గురుంగ్. ఆ పేరు గుర్తుపెట్టుకోండి.

(తెర మీద: షిల్లాంగ్.)

ఫైనల్లో ప్రశాంత్‌కు ఎదురు నిలిచింది మేఘాలయ రాజధాని షిల్లాంగ్‌కు చెందిన అమిత్ పాల్. ఆ కథ కూడా తక్కువది కాదు. అమిత్ బెంగాలీ కుటుంబంలో పుట్టాడు. షిల్లాంగ్‌లో అక్కడి తెగ ఖాసీలకూ బయటి నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లకూ మధ్య పాత గాయాలున్నాయి. 1979లో అక్కడ బెంగాలీల మీద పెద్ద అల్లర్లే జరిగాయి. అలాంటి ఊళ్లో ఖాసీలు, బెంగాలీలు, నేపాలీలు కలిసి ఒక బెంగాలీ కుర్రాడి కోసం ఓట్లు వేశారు. అప్పటి ముఖ్యమంత్రి డి.డి. లపాంగ్ అతణ్ని రాష్ట్రానికి శాంతి, మత సామరస్యాల ప్రచారకర్తగా ప్రకటించారు. ఒకే పోటీ షిల్లాంగ్‌లో మనుషుల్ని దగ్గర చేసింది. సిలిగురిలో ఏం చేసిందో ఇప్పుడు చూద్దాం.

సెప్టెంబర్ 23న ఫలితం వచ్చింది. మొత్తం 7 కోట్ల దాకా ఓట్లు పడ్డాయని అప్పటి వార్తలు. ప్రశాంత్ భారీ తేడాతో గెలిచాడు. కొండల్లో ఆ రాత్రి పండగే.

ఆ వెంటనే ఢిల్లీలోని ఒక ఎఫ్‌ఎం రేడియోలో వ్యాఖ్యాత ఒకరు ఈ గెలుపు మీద జోక్ వేశారు. గూర్ఖాలంతా ఇలా పాటలు పాడుకుంటూ పోతే మన ఇళ్లకూ దుకాణాలకూ కాపలా ఎవరు కాస్తారన్నది దాని సారాంశం. మైకు ముందు రెండు క్షణాల మాట. కానీ అది ఎవరి చెవిన పడిందో చూడండి. నెలల తరబడి చందాలు వేసుకుని, నిద్ర మానుకుని, తమ మనిషిని వేదిక ఎక్కించినవాళ్లకు అది "నువ్వు ఎంత ఎదిగినా నీ చోటు గేటు దగ్గరే" అని వినిపించింది. నవ్వి ఊరుకోవాల్సింది అనేవాళ్లను నేను ఒప్పుకోను. అప్పటికే తరాలుగా నవ్వి ఊరుకుంటూనే వచ్చారు వాళ్లు.

సెప్టెంబర్ 28న సిలిగురిలో నిరసన ప్రదర్శన జరిగింది. సిలిగురి కొండ కింద మైదానంలోని పట్నం, బెంగాలీలు ఎక్కువ. నిరసనకారులకూ స్థానికులకూ మధ్య గొడవ మొదలై అల్లర్లుగా మారింది. కర్ఫ్యూ పెట్టి, సైన్యాన్ని పిలిచారు.

(తెర మీద: 1988 – 2007 – 2011 – 2014.)

ఇక రాజకీయం. ప్రత్యేక గోర్ఖాలాండ్ రాష్ట్రం కావాలని 1986లో సుభాష్ ఘీసింగ్ నాయకత్వంలో పెద్ద ఉద్యమం నడిచింది. రెండేళ్లలో 1,200 మందికి పైగా చనిపోయారు. 1988లో రాష్ట్రానికి బదులు కొండల పాలన కోసం డార్జిలింగ్ గోర్ఖా హిల్ కౌన్సిల్ ఇచ్చారు. దాని పగ్గాలు ఘీసింగ్ చేతికొచ్చాయి. ఏళ్లు గడిచేకొద్దీ జనంలో విసుగు పెరిగింది. ప్రశాంత్ కోసం కొండంతా ఒక్కటైనప్పుడు ఘీసింగ్ దూరంగా ఉండిపోయారు. ఆయన అనుచరుడిగా ఎదిగిన బిమల్ గురుంగ్ మాత్రం ప్రతి వీధిలో కనిపించారు. చందాల పుస్తకాలు, ఊరూరా సంఘాలు, ఫోన్ చేస్తే వచ్చే కుర్రాళ్లు: ఒక పార్టీకి కావాల్సిన సరంజామా అంతా పాటల పోటీ పేరుతోనే సిద్ధమైపోయింది. అక్టోబర్ 7న గోర్ఖా జనముక్తి మోర్చా ఏర్పడింది. 2008 మార్చిలో ఘీసింగ్ రాజీనామా చేశారు.

ప్రశాంత్ లేకపోతే మోర్చా పుట్టేదే కాదని నేను అనను. ఎండిన కట్టెలు అప్పటికే పేర్చి ఉన్నాయి. కానీ మనం ఇంతమందిమి ఉన్నాం, కలిస్తే గెలుస్తాం అని ఆ జనానికి అంకెల్లో చూపించింది మాత్రం ఆ ఎస్సెమ్మెస్‌లే.

ఇక్కడి నుంచి కథ మన ఇంటి దాకా వస్తుంది. 2009 డిసెంబర్ 9 రాత్రి తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామని అప్పటి కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటించగానే, డార్జిలింగ్‌లో గోర్ఖాలాండ్ ఉద్యమం మళ్లీ భగ్గుమంది. 2011లో ఒప్పందం కుదిరి, మరుసటి ఏడు హిల్ కౌన్సిల్ స్థానంలో గోర్ఖాలాండ్ టెరిటోరియల్ అడ్మినిస్ట్రేషన్ వచ్చింది. గురుంగ్ దానికి అధిపతి అయ్యారు. 2013 జూలై 30న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తెలంగాణకు సరే అన్న రోజే ఆయన ఆ పదవికి రాజీనామా చేశారు. తెలంగాణవాళ్లకొచ్చింది, మాకెందుకు రాదన్నది వాళ్ల ప్రశ్న. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. గోర్ఖాలాండ్ రాలేదు. 2017లో కొండల్లో మూడు నెలలకు పైగా బంద్ జరిగినా రాలేదు.

(తెర మీద: ప్రశాంత్ ఫోటో, చేతిలో మైకు.)

ఇంత గొడవ మధ్య గాయకుణ్ని మర్చిపోకూడదు. ప్రశాంత్ ఆ గెలుపుకు తగినవాడేనా అని అప్పట్లో చాలామంది అడిగారు. నా చెవికి అమిత్ పాల్ గొంతే మెరుగు. అలాగని ఆ ఓట్లు తప్పని మాత్రం అనలేను. 2006లో కారుణ్య ఇండియన్ ఐడల్ ఫైనల్లో రెండో స్థానంలో ఆగిపోయినప్పుడు తెలుగిళ్లలో ఎంత బాధపడ్డామో, 2010లో శ్రీరామచంద్ర గెలిచినప్పుడు, 2017లో రేవంత్ గెలిచి, రోహిత్ మూడో స్థానంలో నిలిచినప్పుడు ఎంత పొంగిపోయామో మనకు తెలుసు. అప్పుడు మనం వేసిన ఓట్లన్నీ స్వరాలు తూకం వేసి వేసినవేనా? తేడా ఒక్కటే. మన పిల్లలు ఓడిపోయినా మన ముఖాలు తెర మీద నుంచి మాయం కావు. మనకు సినిమాలున్నాయి, చానెళ్లున్నాయి, రాష్ట్రాలున్నాయి. డార్జిలింగ్ జనానికి ఆ ఏడాది ప్రశాంత్ ఒక్కడే ఉన్నాడు.

ఆ బరువంతా పాతికేళ్ల వయసైనా నిండని కుర్రాడి మీద పడింది. పోటీ అయ్యాక సోనీ సంస్థ అతనితో ఒక ఆల్బమ్ తెచ్చింది. హిందీ సినిమా పాటల్లో మాత్రం అతని పేరు నిలబడలేదు. కోట్ల ఓట్లు వేసినవాళ్లు సంగీత దర్శకులు కారు కదా. అతణ్ని ఆదరించింది నేపాలీ మాట్లాడే లోకమే. ఊరూరా కచేరీలు చేశాడు. 2010లో 'గోర్ఖా పల్టన్' అనే నేపాలీ సినిమాలో హీరోగా నటించాడు, తర్వాత మరికొన్ని చేశాడు. ముంబయి పట్టించుకోలేదని ఇంట్లో కూర్చోకుండా, తన శ్రోతలు ఎక్కడున్నారో అక్కడికే వెళ్లి పాడుకున్నాడు. టీవీ పోటీల్లో గెలిచి రెండేళ్లకే కనబడకుండా పోయినవాళ్ల మధ్య ఇది చిన్న విషయం కాదు.

2025 జనవరిలో 'పాతాళ్ లోక్' అనే హిందీ వెబ్ సిరీస్ రెండో సీజన్ వచ్చింది. నాగాలాండ్ చుట్టూ తిరిగే ఆ కథలో డేనియల్ లేచో అనే హంతకుడి పాత్ర ప్రశాంత్‌ది. మాటలు తక్కువ, పాట అసలే లేదు. సిరీస్ చూసిన కొత్త తరం ప్రేక్షకుల్లో చాలామందికి అతను ఒకప్పటి ఇండియన్ ఐడల్ విజేత అని కూడా తెలియదు. ఎస్సెమ్మెస్‌లు లేవు, చందాలు లేవు, ఏ కొండ ప్రాంతం మనిషన్న గొడవా లేదు. నటన చూసి, ఈ నటుడెవరని వాళ్లంతట వాళ్లే అతని పేరు వెతుక్కున్నారు.