నల్గొండ మటన్‌కు డీఎన్‌ఏ పరీక్ష చేయించాలంటే

నమస్కారం. పోయిన ఆదివారం పొద్దున నల్గొండలో, మా వీధి చివర మటన్ దుకాణం ముందు వరుసలో నిలబడి ఉన్నాను. నా ముందు రిటైరైన లెక్కల మాస్టారు. తూకం వేసిన మాంసాన్ని వేలితో నొక్కి చూసి, "లేత పొట్టేలు అన్నావు. ఇది ముసలి గొర్రె కాదని నమ్మకం ఏమిటి?" అని అడిగారు. దుకాణదారు కత్తి ఆపకుండానే, "అంత అనుమానమైతే డీఎన్‌ఏ పరీక్ష చేయించుకోండి సార్" అన్నాడు. వరుసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. నా వైపు తిరిగి, "నువ్వు వీడియోలు చేస్తావు కదా నాయనా, ఆ పరీక్ష మన ఊళ్లో ఎందుకు చేయరో కనుక్కో" అన్నారు. ఈ వీడియో ఆయన కోసమే.

ముందు ఆయన అనుమానం సంగతి. ముక్క గొర్రెదా, మేకదా, ఎద్దుదా, గేదెదా అన్నది డీఎన్‌ఏ చెబుతుంది. వండిన బిర్యానీలోంచి తీసిన ముక్కయినా చెబుతుంది. మగదా ఆడదా అని కూడా తేల్చవచ్చు. లేతదా ముసలిదా అంటే మాత్రం ఈ పరీక్షకు తెలియదు, మీ ఇంట్లో కుక్కరే చెప్పాలి. పాలలో యూరియా కలిపారా, నీళ్లలో ఫ్లోరైడ్ ఉందా అన్నది కూడా దీని పని కాదు. ఫ్లోరైడ్ గురించి నల్గొండ వాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

ఈ పరీక్ష చేసే పేరున్న చోటు మనకు దూరమేమీ కాదు. 2024 జులైలో రాజస్థాన్ నుంచి బెంగళూరుకు రైల్లో వచ్చిన మాంసం కుక్కదని పుకారు లేచి పెద్ద గొడవైంది, గుర్తుందా? ఆ శాంపిళ్లు వచ్చింది హైదరాబాద్ పక్కనున్న చెంగిచెర్లకే, జాతీయ మాంస పరిశోధన సంస్థకే. గొర్రె మాంసమని తేలింది. మరి అదే పని నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఎందుకు జరగదు? యంత్రం ఖరీదు వల్ల అని నేనూ అనుకునేవాణ్ణి. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆహార పరీక్షాశాలలో పనిచేసే మా బావమరిదిని అడిగితే, "యంత్రం ఒకసారి కొంటే పదేళ్లు ఉంటుంది బావా, మా ప్రాణం తీసేది ఇవి" అని ఫ్రీజర్ తలుపు తీశాడు.

లోపల మైనస్ 20 డిగ్రీలు. చిటికెన వేలి కొసంత ట్యూబులు, వాటి మీద చీమ అక్షరాలతో లాట్ నంబరు, గడువు తేదీ. ఒక్కో పరీక్షకు పట్టే మిశ్రమం 20, 25 మైక్రోలీటర్లు, అంటే నీటి చుక్కలో సగం. అందులో ఏముంటాయి? ఏ జంతువు కోసం వెతుకుతున్నామో ఆ జంతువు డీఎన్‌ఏకు మాత్రమే అతుక్కునే ప్రైమర్లనే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, అతుక్కున్నచోటి నుంచి కాపీలు తీసే ఎంజైము. యంత్రం చేసేదల్లా వేడి చేయడం, చల్లార్చడమే: 95 డిగ్రీలకు ఎక్కించి, 60 దగ్గరకు దించి, మళ్లీ 72కు లేపుతుంది. ఒక్కో చుట్టుకు కాపీలు రెట్టింపు. మాస్టారూ, మీకు నచ్చే లెక్క ఇది: 30 చుట్లయ్యేసరికి ఒక్క కాపీ 107 కోట్లవుతుంది.

ఆ ఎంజైము కథ నాకు భలే నచ్చింది. అమెరికాలో ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో 1960ల్లో దొరికిన ఒక బ్యాక్టీరియా నుంచి 1976లో తీసిన సరుకు. ఇందాక చెప్పిన కాపీలు తీసే పద్ధతి పేరే పీసీఆర్, 1983లో అమెరికా శాస్త్రవేత్త కేరీ ముల్లిస్ కనిపెట్టాడు. 1993లో దానికి నోబెల్ వచ్చింది. పరీక్షలో 95 డిగ్రీల వేడికి తట్టుకుని నిలబడే ఆ ఎంజైమే, ముంబై నుంచి హైదరాబాద్ వచ్చే లారీలో నాలుగు రోజులు వేడి తగిలితే కొంత బలం కోల్పోవచ్చు. కాపీలు పెరుగుతున్నాయని వెలుగుతో చూపించే ప్రోబులు, రంగులు ఇంకా సున్నితం.

ఈ ట్యూబులన్నీ కలిపి అమ్మే పెట్టెను కిట్ అంటారు. ఒకసారి మా బావమరిది ల్యాబుకు కిట్ శుక్రవారం బయలుదేరింది. ఆదివారమంతా ఏదో గోడౌన్‌లో పడి ఉంది. సోమవారం థర్మోకోల్ పెట్టె తెరిస్తే జెల్ ప్యాకులు గోరువెచ్చటి నీళ్ల సంచుల్లా ఉన్నాయట. సరఫరాదారుకు ఫోను చేస్తే, "ఏం కాదండీ, వాడేయండి" అన్నాడు. వాడి చూశారు. మేక అని ముందే తెలిసిన మాంసాన్ని పెడితే, కిట్ దాన్ని గుర్తుపట్టలేదు. డబ్బు వాపసు కోసం రెండు నెలలు ఉత్తరాలు నడిచాయి. ఈలోగా శాంపిళ్లు ఫ్రీజర్‌లోనే కూర్చున్నాయి.

ఇక అసలు చిక్కు ఇది. ఒక్క శాంపిల్ వచ్చిందనుకోండి. నమ్మకం కోసం దాన్ని రెండుసార్లు వేయాలి. దానికి తోడు మూడు సాక్ష్యపు ట్యూబులు: కచ్చితంగా అవునని రావాల్సింది ఒకటి, కచ్చితంగా కాదని రావాల్సింది ఒకటి, మాంసం లేకుండా మొదటి నుంచీ నడిపిన ఖాళీది ఒకటి. ఒక శాంపిల్‌కు మొత్తం ఐదు. అదే ఇరవై శాంపిళ్లు కలిపి వేస్తే నలభై, సాక్ష్యాలు మూడు, మొత్తం 43. ఒక్కోదానికి రెండు, మహా అయితే కాస్త పైన. కిట్లు విడిగా అమ్మరు. వంద పరీక్షల ప్యాకు కొని, నెలకు రెండు శాంపిళ్లు వచ్చే ఊళ్లో వచ్చినదాన్ని వచ్చినట్టు విడిగా వేస్తే, ఎక్కువ భాగం సాక్ష్యపు ట్యూబులకే పోతుంది. పైగా గొర్రెకు వేరే ప్రైమర్లు, గేదెకు వేరే. జిల్లాలో ఈ ల్యాబు నిలవకపోవడానికి ఇంతకు మించి కారణం నాకు కనబడలేదు.

అమ్మేవాళ్ల తెలివి గురించి కూడా ఒక మాట. "యంత్రం ఊరికే పెట్టిపోతాం, కిట్లు మాత్రం మా దగ్గరే కొనాలి" అనే ఒప్పందం ఈ వ్యాపారంలో మామూలు. మొదటి ఏడాది తీపిగా ఉంటుంది. తరువాత కిట్ ధర పెరిగితే, ఆ యంత్రం వేరే కంపెనీ కిట్‌ను ఒప్పుకోదు. యంత్రం కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ధర కాదు, ఎవరి కిట్లయినా ఇందులో నడుస్తాయా అన్నది.

ధర దిగదా అంటే, దిగుతుంది. మనం కళ్లారా చూశాం. 2020 మార్చిలో కరోనాకు చేసిన ఆర్టీ పీసీఆర్ పరీక్షకు దేశంలో గరిష్ఠ ధర 4,500 రూపాయలు. ఆ జూన్‌లో తెలంగాణలో ప్రైవేటు ల్యాబులకు 2,200గా నిర్ణయించారు. తరువాత వెయ్యి లోపలికి వచ్చింది. పుణె కంపెనీతో మొదలై మనవాళ్లే కిట్లు తయారుచేశారు, శాంపిళ్లు లక్షల్లో వచ్చాయి. ఆహారానికి ఆ గిరాకీ లేదు. మిర్యాలగూడ రైస్ మిల్లులు తలుచుకుంటే కొంత రావచ్చు. సన్నబియ్యంలో ఏ రకం ఎంత కలిసిందో కూడా డీఎన్‌ఏతో పట్టవచ్చు, బాస్మతికి ఆ పరీక్ష హైదరాబాద్ శాస్త్రవేత్తలే తయారుచేశారు. కానీ ఏ మిల్లు యజమాని తన బస్తాను తానే పరీక్షకు పంపుతాడు చెప్పండి?

ఇదంతా ఈ ఆదివారం మాస్టారికి చెప్పాను. చట్టం సంగతి కూడా చెప్పాను. 2006 ఆహార భద్రతా చట్టం, సెక్షన్ 40 ప్రకారం కొన్నవాళ్లెవరైనా రుసుము కట్టి ఆహారాన్ని పరీక్ష చేయించుకోవచ్చు. తప్పు తేలితే ఆ రుసుము వాపసు. షరతు ఒక్కటే: పరీక్షకు పంపుతున్నానని కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి.

మాస్టారు తలూపి ముందుకు జరిగారు. "అర కిలో ఇవ్వు. ముందే చెబుతున్నాను, పరీక్షకు పంపుతున్నాను" అన్నారు గట్టిగా. దుకాణదారు కోస్తున్న ముక్కను పక్కన పెట్టి, లోపలికి వెళ్లి ఇంకో తొడ తెచ్చాడు.