అరమాయిక్ అంటే ఏసు భాష ఒక్కటేనా?

అరమాయిక్ అనగానే ఎవరైనా అనేది ఒకటే, ఏసుక్రీస్తు మాట్లాడిన భాష కదా అని. కాదనను. కానీ ఆ పేరు వల్లే అందరి చూపూ సిరియాలోని మాలూలా దగ్గరే ఆగిపోతోంది. డమాస్కస్‌కు ఈశాన్యంగా కొండకు అతుక్కున్నట్టుండే ఊరు అది. 2013లో యుద్ధం అక్కడిదాకా వచ్చి జనం ఇళ్ళొదిలి పారిపోతే ప్రపంచమంతా వార్తలొచ్చాయి. ఆ పక్కనే జుబాదీన్ అనే ఊళ్ళో ఇదే భాష మాట్లాడే ముస్లింలు ఉన్నారని, యుద్ధానికి ముందు బఖా అనే ఊళ్ళోనూ ఉండేవాళ్ళని మాత్రం చాలామందికి తెలియదు.

తూర్పుకి, అంటే ఉత్తర ఇరాక్, ఆగ్నేయ టర్కీ, వాయవ్య ఇరాన్ వైపు వెళ్తే అసలు కథ మొదలవుతుంది. అక్కడ వందకు పైగా మాండలికాలు ఉండేవి. ఇరాన్‌లోని ఉర్మియానే తీసుకోండి, ఇంటిని అక్కడి క్రైస్తవులు ‘బేతా’ అంటే అదే ఊరి యూదులు ‘బేలా’ అనేవాళ్ళు, ఇరాక్‌లో జాఖో యూదులకేమో అది ‘బేసా’. క్రియల దగ్గరికొస్తే తేడాలు ఇంకా పెద్దవి, ఒకే ఊళ్ళో ఉన్నా ఒకరి మాట ఇంకొకరికి సరిగ్గా అర్థమయ్యేది కాదు. కాబట్టి ‘అరమాయిక్‌ను కాపాడదాం’ అనేవాళ్ళని నేను ముందు అడిగేది, ఏ ఊరిది, ఎవరిది అని.

ఒట్టోమన్ సామ్రాజ్యంలో క్రైస్తవుల మీద జరిగిన 1915 మారణకాండలో, ఇప్పటి టర్కీలోని మ్లహ్సో ఊరు నాశనమైంది. ఆ ఊరి మాట ధారాళంగా వచ్చిన చివరి మనిషి 1998లో పోయారు. ఒట్టో యాస్ట్రో అనే జర్మన్ పండితుడు ముందే రికార్డు చేసుకున్నారు గనక ఆ మాట ఎలా ఉండేదో ఇవాళ వినగలుగుతున్నాం. ఇరాక్ యూదులు 1950-51లో దాదాపు అందరూ ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు, పిల్లలు హీబ్రూలోకి మారిపోయారు. అందుకే కేంబ్రిడ్జ్ ప్రొఫెసర్ జెఫ్రీ ఖాన్ లాంటివాళ్ళు ఆ ఊళ్ళకి కాదు, వలసపోయిన ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి కూర్చున్నారు. పదాల పట్టిక పట్టుకుని ‘దీన్నేమంటారు, దాన్నేమంటారు’ అని అడిగితే పొడి మాటలే వస్తాయి. ఊళ్ళో పెళ్ళెలా చేసేవాళ్ళో, జున్ను ఎలా చేసేవాళ్ళో చెప్పమంటే మనిషి తన ధోరణిలో పడతాడు. కుర్దుల పక్కన వందల ఏళ్ళు బతికి కొన్ని మాండలికాల్లో క్రియను కట్టే తీరే మారిపోయింది, అలాంటివి ఆ కబుర్లలోనే బయటపడతాయి. ఉత్తర ఇరాక్‌లోని బర్వార్ క్రైస్తవుల మాట మీద ఖాన్ 2008లో వేసిన వ్యాకరణం మూడు సంపుటాలు, కథలూ కబుర్లూ అందులోనే ఉన్నాయి.

అయితే రికార్డింగులు ఎన్ని ఉన్నా పిల్లలు మాట్లాడకపోతే భాష బతికినట్టు కాదు. టర్కీలోని తూర్ అబ్దీన్ నుంచి స్వీడన్ చేరినవాళ్ళ పిల్లల కోసం 1980లలో వాళ్ళ ఇంటి అరమాయిక్ అయిన తురోయోని రోమన్ లిపిలో పెట్టి పాఠ్యపుస్తకాలు వేశారు. గొడవైంది. చర్చిలో చదివే సిరియాక్ అనే పాతకాలపు అరమాయిక్ ఒక్కటే అసలు భాష, ఇంటి మాటకి పుస్తకమేంటి, అదీ పరాయి లిపిలోనా అని. గ్రాంథిక వ్యావహారిక తగాదాలు చూసిన మనకి ఇది కొత్తేం కాదు, గిడుగువారు ఉంటే ఎటువైపు నిలబడేవారో చెప్పక్కర్లేదు. నేనూ అటే. లిపి తర్వాతైనా మార్చుకోవచ్చు, ఇంట్లో అమ్మమ్మతో మాట్లాడటం ఒక తరం మానేశాక దాన్ని మళ్ళీ తేవడం చాలా కష్టం.