స్టాంప్ బొమ్మలో రంగులు కలపడానికి ఇయర్ బడ్ చాలు, కాకపోతే ఏ రంగుకి ఏది పనికొస్తుందో తెలియాలి

[స్క్రీన్ మీద: నాలుగు తెల్ల కార్డులు, నాలుగింటి మీదా ఒకే గులాబీ స్టాంప్]

హాయ్ అండి అందరికీ. ముందు ఈ నాలుగు గులాబీలు చూడండి, నాలుగూ ఒకే స్టాంప్‌తో కొట్టినవే. ఒకదానికి ఇయర్ బడ్ వాడాను, ఇంకోదానికి నేనే ఇంట్లో చుట్టుకున్న కాగితం పుల్ల, మరోదానికి మామూలు నీళ్ళ బ్రష్, మిగిలినదానికి అసలు ఏమీ వాడలేదు, ఒట్టి తెల్ల కలర్ పెన్సిల్‌తో రుద్దానంతే. ఏది ఏదో కనిపెట్టండి చూద్దాం. నేను కొట్టి రంగులేసి పక్కన పెట్టి వారమైంది, వెనకాల రాసుకున్నది చూస్తే తప్ప నాకే గుర్తు రావట్లేదు.

ఈ వీడియో ఎందుకంటే, కార్డులు చెయ్యడం మొదలుపెట్టిన ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే, "బ్లెండింగ్ టూల్ ఏది కొనాలి అక్కా" అని, అంటే రంగుల్ని ఒకదాంట్లో ఒకటి కలిపే పనిముట్టు. ఏదో ఒక సెట్ కొనేస్తారు, తెచ్చుకుని రుద్దుతారు, రంగు కలవదు, మచ్చలు మచ్చలుగా ఉంటుంది, ఇక మన చేతిలోనే కళ లేదు అనుకుని పక్కన పడేస్తారు. చెయ్యి బాగానే ఉందండి. వాడిన రంగుకీ పట్టుకున్న టూల్‌కీ కుదరలేదు, అంతే.

[క్లోజప్: కలర్ పెన్సిల్ ముల్లు, ఇంక్ ప్యాడ్, మార్కర్ పక్కపక్కన]

ఏ రంగైనా సరే, అందులో రంగునిచ్చే పదార్థం ఒకటి ఉంటుంది, దాన్ని పట్టి ఉంచేదో కరిగించి ఉంచేదో ఇంకోటి ఉంటుంది. కలర్ పెన్సిల్‌లో అది మైనమో నూనో. ప్రిస్మాకలర్ లాంటివి మైనం ఎక్కువ ఉన్నవి, పాలీక్రోమోస్ లాంటివి నూనె రకం. వాటర్ కలర్ పెన్సిల్‌లోది నీళ్ళకి కరుగుతుంది. ఆల్కహాల్ మార్కర్ అయితే పేరులోనే ఉంది కదా. ఇప్పుడు మైనం పెన్సిల్‌తో రంగేసి దాని మీద తడి బ్రష్ తిప్పితే ఏమవుతుంది, నీళ్ళు ముత్యాల్లా నిలబడి పక్కకి జారిపోతాయి, రంగు కదలనే కదలదు. అదే చోట ఒక్క చుక్క నూనె పడితే వెన్నలా పాకుతుంది. కాబట్టి టూల్ వెతికే ముందు మీ దగ్గరున్న రంగు దేనికి కరుగుతుందో చూసుకోండి, సగం ఖర్చు అక్కడే ఆగిపోతుంది.

ఇంకోటుంది, దీన్నే జనం మర్చిపోతారు. స్టాంప్ కొట్టిన ఇంక్ కూడా ఒక రంగే కదా, దానికీ కరిగే గుణం ఉంటుంది. నేను మొదట్లో ఏం చేశానంటే, అందమైన బొమ్మ, సన్నని గీతలు, స్టాజాన్ అనే ఇంక్‌తో కొట్టాను, ఆరింది, గట్టిగా ఉంది, దీనికి ఇక తిరుగులేదు అనుకుని ఆల్కహాల్ మార్కర్ తీసి మీద పూశాను. మొత్తం నల్లగా అలుక్కుపోయింది. బొమ్మ పోతే పోయింది, మార్కర్ ముల్లు కూడా నల్లబడింది, దాన్ని చెత్త కాగితం మీద గీకీ గీకీ బాగుచేసుకోవాల్సొచ్చింది. ఎందుకంటే స్టాజాన్ సాల్వెంట్ ఇంక్, నీళ్ళకి కదలదు గానీ ఆల్కహాల్‌కి కరిగిపోతుంది. మార్కర్ వేసే బొమ్మకి మెమెంటో లాంటి డై ఇంక్, అంటే కాగితంలోకి ఇంకిపోయే రకం, వాడి బాగా ఆరనివ్వాలి. నీళ్ళ రంగులకైతే ఉల్టా, మెమెంటో నీళ్ళు తగిలితే కాస్త కారుతుంది, అక్కడ వెర్సాఫైన్ అనే ఇంక్‌లో నల్లది పూర్తిగా ఆరాక బాగా నిలబడుతుంది. లేదంటే పిగ్మెంట్ ఇంక్‌తో, అంటే కాగితం పైనే నిలిచి మెల్లగా ఆరే రకంతో కొట్టి, ఆరకముందే పైన ఎంబాసింగ్ పొడి, అంటే వేడికి కరిగే పొడి చల్లి, వేడి గాలి ఊదే హీట్ గన్‌తో కరిగించెయ్యండి. గీత ఉబ్బి పొలం గట్టులా నిలబడుతుంది, మీరు లోపల ఎన్ని నీళ్ళు పెట్టినా గట్టు దాటి రావు. చెయ్యి వణికేవాళ్ళకి ఇంతకంటే మంచి ఉపాయం లేదు.

[స్క్రీన్ మీద: పేపర్ స్టంప్, టోర్టిలాన్, ఇయర్ బడ్]

సరే, కలర్ పెన్సిల్స్ దగ్గరికొద్దాం, ఎక్కువ మంది దగ్గర ఉండేవి అవే. ఇదిగో దీన్ని పేపర్ స్టంప్ అంటారు, కాగితాన్ని గట్టిగా చుట్టి రెండు వైపులా ముల్లు చెక్కినట్టు ఉంటుంది, లోపల గట్టి. ఇది టోర్టిలాన్, ఒక వైపే ముల్లు, లోపల డొల్ల, ఇంకా సన్నగా ఉంటుంది కాబట్టి చిన్న మూలల్లోకి దూరుతుంది. రెండూ తక్కువలో దొరికేవే. అవి కూడా కొననక్కర్లేదు అనుకుంటే ఇలా చెయ్యండి.

[చేతుల మీద క్లోజప్]

అచ్చు లేని గరుకు కాగితం, పొడవాటి ముక్క, ఒక చివర వెడల్పు, ఇంకో చివర సన్నం, పొడుగాటి త్రికోణంలా. వెడల్పు వైపు నుంచి చుట్టడం మొదలుపెట్టి కొంచెం ఏటవాలుగా, గట్టిగా, వేళ్ళతో నొక్కుకుంటూ పోండి. చివర టేప్ వెయ్యండి. ఇప్పుడు వెనక నుంచి సన్నటి పుల్ల దూర్చి మధ్యలో కాగితాన్ని మెల్లగా ముందుకి తోస్తే ముల్లు బయటికి వస్తుంది. మొదటి రెండు వదులుగా వస్తాయి, వదిలెయ్యండి, మూడోది కుదురుతుంది. నున్నగా మెరిసే మ్యాగజైన్ కాగితం మాత్రం వద్దు, అది రంగుని పట్టుకోదు, పైగా దాని మీది ఇంక్ బొమ్మకి అంటుకుంటుంది.

పొడిగా రుద్దితే స్టంప్ కొంతవరకే పనిచేస్తుంది, మైనం మొండిది కదా. అందుకే కరిగించేది కావాలి. కార్డులు చేసేవాళ్ళు ఎక్కువగా వాడేది వాసన లేని మినరల్ స్పిరిట్, గామ్సాల్ అని ఒకటి బాగా పాపులర్. చిన్న సీసా కొంటే ఎంత కాలం వస్తుందో చెప్పలేను, నాది ఇంకా అయిపోలేదు. మూత గట్టిగా పడే చిన్న డబ్బాలో స్పాంజ్ ముక్క వేసి దాని మీద నాలుగు చుక్కలు పొయ్యండి చాలు, స్టంప్ దానికి అద్ది, టిష్యూ మీద ఒకసారి ఒత్తి, అప్పుడు బొమ్మ మీద పెట్టండి. వాసన లేదు కదా అని కిటికీలు మూసుకుని కూర్చోవద్దు, ముక్కుకి తెలియకపోయినా ఆవిరి ఉంటుంది. ఇందాక చెప్పిన హీట్ గన్ ఉంది చూశారూ, అది ఆన్‌లో ఉన్నప్పుడు ఈ డబ్బా టేబుల్ మీద ఉండనే ఉండకూడదు, అంటుకునే సరుకు ఇది. గోడలకి పెయింట్ వేసే థిన్నర్ వాడొచ్చా అని అడుగుతారు. మైనం కరగడం కరుగుతుంది గానీ ఆ ఘాటు ముఖానికి జానెడు దూరంలో పెట్టుకుని గంటసేపు కూర్చునే పని కాదు. వద్దు.

ఇంకా చౌక కావాలంటే బేబీ ఆయిల్. పనిచేస్తుంది, నిజంగానే బాగా పనిచేస్తుంది, వేసిన రోజు చూస్తే రెండింటికీ తేడా తెలియదు. తెల్లారి చూడండి.

[స్క్రీన్ మీద: కార్డు వెనక వైపు, పువ్వు చుట్టూ జిడ్డు మరక]

ఇదిగో, ఇలా. ఇది నా కార్డే. ఇయర్ బడ్ తీసుకెళ్ళి నూనెలో ముంచి అలాగే పెట్టేశాను, పువ్వు అద్భుతంగా వచ్చింది, పొద్దున్నే లేచి చూస్తే పువ్వు చుట్టూ నీడ పడ్డట్టు వలయం, వెనక్కి తిప్పితే కాగితం నూనె పీల్చి అవతలివి కనిపించేలా తయారైంది. కారణం ఏంటంటే మినరల్ స్పిరిట్ ఆవిరైపోతుంది, పని చేసి వెళ్ళిపోతుంది. నూనె ఎక్కడికీ పోదు, కాగితంలోనే ఉండి మెల్లగా పక్కకి పాకుతుంది. వాసెలీన్ కూడా అంతే, కాకపోతే చిక్కగా ఉంటుంది కాబట్టి చేతికి కాస్త లొంగుతుంది. నూనే వాడాలనుకుంటే ఇయర్ బడ్‌ని అద్ది, టిష్యూలో గట్టిగా పిండి, పొడిగా అనిపించేంత అయ్యాక వాడండి, బొమ్మని విడిగా కత్తిరించి కార్డు మీద అతికించండి, నేరుగా కార్డు మీద మాత్రం చెయ్యొద్దు. ఒక రోజు ఆగి, మరక రాలేదని చూసుకుని అప్పుడు అతికిస్తే ఇంకా మంచిది.

తెల్ల పెన్సిల్ సంగతి. రంగులు వేసేశాక పైన తెల్లది గట్టిగా నొక్కి రుద్దితే కింద మైనం అంతా చదునై కాగితం గుంతలు నిండిపోతాయి, నున్నగా మెరుస్తుంది. రంగు కొంచెం పాలిపోతుంది, అది వద్దనుకుంటే రంగు లేని బ్లెండర్ పెన్సిల్ దొరుకుతుంది, అందులో మైనమే ఉంటుంది రంగుండదు. ఏదైనా సరే ఇది ఆఖరున చెయ్యాల్సిన పని, ఒకసారి మెరుపు వచ్చాక దాని మీద ఇంకో రంగు వేద్దామంటే జారిపోతుంది. కొన్నాళ్ళకి ముదురు రంగుల మీద తెల్లటి బూజులా కనిపిస్తే భయపడకండి, అది బూజు కాదు, మైనం పైకి తేలడం, మెత్తని గుడ్డతో తేలిగ్గా తుడిస్తే పోతుంది.

[స్క్రీన్ మీద: నీళ్ళ బ్రష్, ప్లాస్టిక్ మూత]

నీళ్ళ రంగులు. దీనికి పెయింట్లు కూడా కొననక్కర్లేదు, మీ డై ఇంక్ ప్యాడ్‌ని తిరగేసి ప్లాస్టిక్ మూత మీద ఒక నొక్కు నొక్కండి, పక్కన ఒక చుక్క నీళ్ళు, అయిపోయింది మీ పాలెట్. నాలుగో నంబర్ గుండ్రటి బ్రష్, ముల్లు సూదిగా ఉన్నది ఒక్కటి చాలు. పిడిలోనే నీళ్ళు పోసుకునే వాటర్ బ్రష్ బాగుంటుంది గానీ కొత్తలో గట్టిగా పిండేసి వరద తెప్పిస్తారు, ఎడం చేతిలో టిష్యూ ఎప్పుడూ ఉండాలి. ఇక్కడ డబ్బులు పెట్టాల్సింది బ్రష్‌కి కాదు, కాగితానికి. మామూలు కార్డ్‌స్టాక్, అంటే కార్డులు చేసే మందపాటి కాగితం మీద రెండు సార్లు తడి బ్రష్ తిప్పితే నూగు లేస్తుంది, ఇక ఎంత మంచి బ్రష్ ఉన్నా లాభం లేదు. 300 జీఎస్ఎం, అంటే బాగా మందంగా ఉండే వాటర్ కలర్ కాగితం తీసుకుని చిన్న ముక్కలుగా కోసుకోండి, ఒక కార్డుకి అరచేతంత కూడా అవసరం పడదు.

ఆల్కహాల్ మార్కర్ల గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అవి చౌక ముచ్చట కాదు. కాపిక్ అనే మార్కర్ల బ్రాండ్ 1987లో వచ్చింది, ఇప్పటికీ జనం దానితోనే పోల్చుకుంటారు. రంగు లేని బ్లెండర్ మార్కర్ కొంటే అది రెండు రంగుల్ని కలిపేస్తుందని చాలామంది అనుకుంటారు, అది నిజానికి రంగుని వెనక్కి తోస్తుంది, అంచు దాటింది లోపలికి నెట్టడానికో, మధ్యలో వెలుగు తేవడానికో బాగుంటుంది. ఆ పనికి రబ్బింగ్ ఆల్కహాల్‌లో అద్దిన ఇయర్ బడ్ కూడా చాలావరకు సరిపోతుంది. రంగులు కలపాలంటే లేత మార్కరే మీ బ్లెండర్, ముదురు రంగు తడిగా ఉండగానే లేతదాన్ని తెచ్చి అంచు మీద తిప్పండి. వెనక ఇంకో కాగితం పెట్టుకోండి, కిందకి దిగుతుంది.

ఇక బొమ్మ వెనకాల మబ్బులా రంగు రావాలంటే మేకప్ స్పాంజ్, లేదా పాత మేకప్ బ్రష్, గుబురుగా ఉండేది. ఇంక్ ప్యాడ్ మీద అద్ది, కాగితం మీద కాదు, కాగితం బయట మొదలుపెట్టి గుండ్రంగా తిప్పుకుంటూ లోపలికి రండి, లేకపోతే మొదట తగిలిన చోట మచ్చ పడిపోతుంది, ఆ మచ్చ ఇక చచ్చినా పోదు. బొమ్మ మీద పడకుండా ఉండాలంటే అదే స్టాంప్‌ని స్టిక్కీ నోట్ పైవైపు, బొమ్మ వెనకాల జిగురు ఉండేలా కొట్టి, కత్తిరించి, అసలు బొమ్మ మీద అంటించెయ్యండి.

[క్లోజప్: ఒకే ఒక్క రేకు, పెన్సిల్, స్టంప్]

ఇప్పుడు ఒక్క రేకు పూర్తిగా చేసి చూపిస్తాను, స్పీడ్ పెంచకుండా. ముదురు గులాబీ తీసుకున్నాను, రేకు మొదట్లో, పక్క రేకు కింద దాక్కున్న చోట మాత్రమే వేస్తున్నాను, మొత్తం రేకులో మూడో వంతు కూడా ఉండదు. చూడండి చెయ్యి ఎంత తేలిగ్గా ఉందో, చిన్న చిన్న సున్నాలు చుడుతున్నాను, గీతలు కాదు. ఇప్పుడు లేత గులాబీ, ముదురు మీద నుంచి మొదలుపెట్టి సగం దాకా. మిగతా సగం తెల్లగా వదిలేశాను, ఇక్కడే అందరూ ఆగలేక రంగు వేసేస్తారు, అప్పుడు స్టంప్ లాక్కెళ్ళడానికి చోటుండదు. స్టంప్‌ని అద్దాను, టిష్యూ మీద ఒత్తాను, ముదురు దగ్గర పెట్టి చిన్న సున్నాలు... అదిగో, గింజలు గింజలుగా ఉన్నది పోయి నున్నగా అవుతోంది చూశారా. ఇప్పుడు అక్కడి నుంచి అంచు వైపు లాగుతున్నాను, స్టంప్‌లో ఉన్న రంగే పల్చగా తెల్లభాగంలోకి పోతోంది, అంచు దగ్గరికొచ్చేసరికి దాదాపు ఏమీ లేదు. అంచు నుంచి లోపలికి ఎప్పుడూ రావద్దు, వెలుగు చచ్చిపోతుంది.

ఈ స్టంప్ ముల్లు గులాబీ రంగులోకి వచ్చేసింది కదా, దీంతో ఆకులు ముట్టుకుంటే ఆకు మట్టి రంగైపోతుంది. ఎరుపు పసుపులకి ఒకటి, ఆకుపచ్చ నీలాలకి ఒకటి ఉంచుకోండి, మరీ మురికైతే సాండ్ పేపర్ మీద రుద్దితే పైపొర ఊడి కొత్తదవుతుంది, గోళ్ళ ఫైల్ ఉన్నా సరిపోతుంది.

[స్క్రీన్ మీద: నాలుగు కార్డులు మళ్ళీ, ఒక్కొక్కటీ వెనక్కి తిరుగుతుంది]

ఆ, నాలుగు గులాబీలు. మొదటిది నీళ్ళ బ్రష్. రెండోది తెల్ల పెన్సిల్, మెరుపు చూసి పట్టేసుంటారు. మూడోది ఇంట్లో చుట్టిన పుల్ల. నాలుగోది ఇయర్ బడ్, బేబీ ఆయిల్, ఈసారి సరిగ్గా పిండాను, వెనకాల చూడండి, మరక లేదు.