పిల్లలకు ఇంగ్లీషు మాటకు అర్థం ఎలా చెప్పాలి?

ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం.

పిల్లలు నిఘంటువు చూసి వాక్యాలు రాస్తే ఏమవుతుందో 1987లో మనస్తత్వ శాస్త్రవేత్తలు జార్జ్ మిల్లర్, పాట్రిషియా గిల్డియా ఒక వ్యాసంలో చూపించారు. ‘ఎరోడ్’ అనే మాటకు నిఘంటువులో ‘ఈట్ అవుట్’ అని ఉంది. ఆ మాటకు పిల్లలకు తెలిసిన అర్థం బయటికెళ్లి భోజనం చేయడమే. అందుకే ‘అవర్ ఫ్యామిలీ ఎరోడ్స్ ఎ లాట్’ అని రాశారు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. నీళ్లు మట్టిని కొంచెం కొంచెంగా కోసుకుపోతాయని ఎవరూ వాళ్లకు చెప్పలేదు, అంతే.

కాబట్టి మాట పక్కన ఇంకో మాట పెట్టి ఊరుకోకండి. ఎవరు, దేన్ని, ఏం చేస్తే ఆ మాట వాడతామో పూర్తి వాక్యంలో చెప్పండి. ‘బారో’నే తీసుకుందాం: ‘ఇఫ్ యు బారో ఎ పెన్సిల్, యు ఆస్క్ ఫర్ ఇట్, యూజ్ ఇట్ అండ్ గివ్ ఇట్ బ్యాక్.’ మొత్తం పదిహేను మాటలు. చిన్న తరగతికి అంతకు మించకపోతే మంచిది. ఇందులో అడగడం, వాడుకోవడం, తిరిగివ్వడం మూడూ ఉండాల్సిందే. ‘గివ్ ఇట్ బ్యాక్’ తీసేశారా, అడిగి తీసుకున్న ప్రతిదీ ‘బారో’ అయిపోతుంది.

మన పిల్లలకు ఇక్కడే ఇంకో చిక్కుంది. తెలుగులో ఇచ్చినా అప్పే, తెచ్చుకున్నా అప్పే. అందుకే ‘బారో’, ‘లెండ్’ తారుమారు చేస్తారు. ఇద్దరు పిల్లల్ని నిలబెట్టి పెన్సిల్ చేతులు మార్పించండి. పుచ్చుకున్నవాడు ‘బారో ఫ్రమ్’ అనాలి, ఇచ్చినవాడు ‘లెండ్ టు’ అనాలి.

అర్థంలో వాడే మాటలు అసలు మాటకన్నా తేలికగా ఉండాలి. ఇంగ్లీషు బోధనా నిపుణుడు మైకేల్ వెస్ట్ 1935 నాటి తన నిఘంటువులో కేవలం 1,490 మాటలతో సుమారు 24,000 పదాలకు, పదబంధాలకు అర్థాలు రాశాడు. ‘లార్జ్’ అంటే ‘బిగ్’, ‘బిగ్’ అంటే ‘లార్జ్’ అని తిప్పితే పిల్లలు ఎక్కడివాళ్లక్కడే ఉంటారు.

తేలికగా ఉన్నంత మాత్రాన సరైనదీ కాదు. ‘బ్రేవ్’కు ‘నాట్ అఫ్రెయిడ్’ అని చాలామంది చెబుతారు. భయపడే పిల్లవాడు అది విని తనలో ధైర్యమే లేదనుకుంటాడు. భయం వేసినా చేయాల్సింది చేసేవాణ్ణి ‘బ్రేవ్’ అంటామని చెప్పండి.

తెలుగు అర్థం ఇవ్వొచ్చు, తప్పకుండా ఇవ్వండి, కానీ ఒక్క మాటతో ఆపకండి. ‘బ్రేక్’ అంటే పగలడం అని మాత్రమే చెబితే, కర్ర విరిగినప్పుడు, దారం తెగినప్పుడు పిల్లలకు ఆ మాట తట్టదు. ఇంగ్లీషులో మూడింటికీ ‘బ్రేక్’ చెల్లుతుంది. చొక్కా చిరిగితే మాత్రం చెల్లదు, అక్కడ ‘టేర్’ కావాలి. పాఠం అయ్యాక గాజుగ్లాసు, కర్ర, దారం, చొక్కా పేర్లు వరసగా చెప్పి, దేనికి ‘బ్రేక్’ అంటారో అడగండి. చొక్కా దగ్గర పిల్లలు తడబడితే మీరు రాసిన అర్థాన్నే మళ్లీ దిద్దుకోండి.